పాత వాకర్ కొంటున్నారా? దాని సంగతులు అడిగారా?

ఎనిమిది నెలల బాబును మా క్యాజువాలిటీకి తెచ్చేసరికి రాత్రి ఎనిమిదిన్నర అయింది. నుదుటి మీద పెద్ద బొప్పి. దారిలో రెండుసార్లు వాంతి చేసుకున్నాడు. బాబును వాకర్‌లో కూర్చోబెట్టి వాళ్లమ్మ వంటింట్లోకి వెళ్లిందట. వీధి తలుపు తీసి ఉంది. వాకర్ వరండా దాటి మూడు మెట్ల మీంచి దొర్లింది. సీటీ స్కాన్‌లో పుర్రె ఎముకకు సన్నటి పగులు కనిపించింది. లోపల రక్తస్రావం లేదు కాబట్టి రెండు రోజులు వార్డులో ఉంచి ఇంటికి పంపాం. ఆ రెండు రోజులూ తండ్రి నాతో ఒకటే మాట అన్నాడు. "వాకర్ బాగానే ఉంది డాక్టర్ గారూ, అన్నీ చూసుకునే తీసుకున్నాం. చక్రాలు కూడా కొత్తవాటిలా తిరుగుతున్నాయి."

వాళ్ల అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఆరు వందలకు వచ్చిందట అది. ఆయన చెప్పిన దాంట్లో అబద్ధం లేదు. చక్రాలు అంత బాగా తిరగడమే అసలు సమస్య.

ఇలాంటి బేరాలు ఇప్పుడు ప్రతి కాలనీలోనూ జరుగుతున్నాయి. పిల్లల సామాన్ల ధరలు చూస్తే ఎందుకో అర్థమవుతుంది. కొత్త కార్ సీటు వేలల్లో ఉంటుంది, పనికొచ్చేది కొన్నేళ్లే. స్ట్రోలర్ సంగతీ అంతే. ఇల్లు చిన్నది, అటక ఎప్పుడో నిండిపోయింది. "తక్కువ వాడింది, కండిషన్ సూపర్" అని ఫొటో పెడితే పావుగంటలో ఎవరో ఒకరు "మాకు కావాలండీ" అంటారు.

దీన్ని తప్పు పట్టడం లేదు. మనకిది కొత్త కూడా కాదు. పుట్టిన బిడ్డను పాత నూలు చీర ముక్కలోనే చుట్టేవాళ్లు, పదిసార్లు ఉతికిన బట్ట మెత్తగా ఉంటుందని. మేనత్త ఇంటి తొట్టె బారసాల నాటికి బస్సు మీద ఊరు దాటి వచ్చేది. ఉతికిన పాత బట్టలే పసివాళ్లకు హాయి అని తల్లులకు ఇప్పటికీ నేను చెబుతుంటాను. కానీ ఆ తొట్టె మేనత్తది. అది ఎప్పుడు చేయించారో, ఏ కాలు విరిగితే వడ్రంగి అతికాడో ఇంట్లో అందరికీ తెలుసు. గ్రూపులో దొరికిన తొట్టె గురించి మనకు తెలిసేది ఒక ఫొటో, ఒక ధర.

కొత్త వస్తువు వెంట డబ్బా, సూచనల పుస్తకం, బిల్లు, తయారీ తేదీ, హెచ్చరికల స్టిక్కర్ వస్తాయి. చేతులు మారేటప్పుడు వస్తువు ఒక్కటే వెళుతుంది. మిగతావన్నీ మొదటి ఇంట్లోనే ఆగిపోతాయి. సెకండ్ హ్యాండ్ పిల్లల సామాన్లలో నేను చూసిన ప్రమాదం చాలావరకు ఇక్కడే ఉంది.

వెనక్కి పిలిచినా ఆగని మరణాలు

దీనికి పెద్ద మూల్యం చెల్లించిన దేశం అమెరికా. అక్కడ ఏదైనా వస్తువు ప్రమాదకరమని తేలితే కంపెనీ దాన్ని వెనక్కి పిలుస్తుంది. దాన్నే రీకాల్ అంటారు. 1998లో షికాగోలో డానీ కీసర్ అనే ఏడాదిన్నర లోపు బాబు, తనను చూసుకునే డేకేర్‌లో మడత తొట్టె కూలి, దాని అంచుల మధ్య మెడ ఇరుక్కుని చనిపోయాడు. ఆ తొట్టెను 1993లోనే రీకాల్ చేశారు. అంటే ఐదేళ్ల ముందే అది ప్రాణాంతకమని తేలింది. ఆ సంగతి మాత్రం ఆ ఇంటిదాకా రాలేదు. బాబు తల్లిదండ్రులు ఊరుకోలేదు. వాళ్ల పోరాటం వల్ల 2008లో వచ్చిన చట్టంలో ఒక భాగానికి ఆ బాబు పేరే పెట్టారు. తొట్టె, స్ట్రోలర్ లాంటి ప్రతి వస్తువుతో పాటు కొన్నవారి చిరునామా నమోదు చేసుకునే కార్డు ఇవ్వాలన్నది అందులోని నియమం. రీకాల్ అయిన వస్తువును మళ్లీ అమ్మడం నేరమని కూడా అదే చట్టం చెప్పింది. పాత సామాన్లు అమ్మేవాళ్లకూ అది వర్తిస్తుంది.

అయినా ఏం జరిగిందో చూడండి. ఫిషర్-ప్రైస్ కంపెనీ 'రాక్ ఎన్ ప్లే' అనే ఏటవాలు పడకను 2019 ఏప్రిల్‌లో రీకాల్ చేసింది. దాదాపు 47 లక్షల పడకలు. పసిబిడ్డను ఏటవాలుగా పడుకోబెడితే తల ముందుకు వాలి గడ్డం ఛాతీకి ఆనుతుంది. సన్నటి శ్వాసనాళం నొక్కుకుపోతుంది. తల ఎత్తుకునే బలం బిడ్డకు ఉండదు. ఒక్కోసారి పక్కకు దొర్లి ముక్కు మెత్తటి గుడ్డలో కూరుకుపోతుంది. 2023 జనవరిలో రెండోసారి హెచ్చరిక ఇచ్చేనాటికి ఆ పడకతో ముడిపడినట్లు చెప్పిన మరణాలు సుమారు వంద. వాటిలో కనీసం ఎనిమిది, రీకాల్ ప్రకటన వచ్చిన తర్వాత జరిగినవే. నమోదు కార్డులు, చట్టం, టీవీ వార్తలు అన్నీ ఉన్న దేశంలో!

అక్కడి కథ మనకెందుకు అంటారా? డాలస్ నుంచో న్యూజెర్సీ నుంచో వచ్చే అక్కయ్య, వదిన సూట్‌కేసుల్లో ఏమేం వస్తాయో మీకు తెలియనిది కాదు. వాళ్ల పిల్లలు వాడి వదిలేసిన సీట్లు, పడకలు, ఊగే కుర్చీలు "అమెరికా సామాను, గట్టిగా ఉంటుంది" అని మురిసిపోతూ తీసుకుంటాం. గట్టిగానే ఉంటుంది. రీకాల్ నోటీసు మాత్రం అమెరికాలోని పాత చిరునామాకు వెళుతుంది. మీ ఇంట్లో అలాంటిది ఉంటే దాని కింద ఉండే మోడల్ నంబరును అక్కడి వినియోగ వస్తువుల భద్రతా సంస్థ సీపీఎస్‌సీ వెబ్‌సైట్‌లో కొట్టి చూడండి. ఐదు నిమిషాల పని.

మన దేశంలో చట్టాలు లేవని కాదు. వినియోగదారుల రక్షణ చట్టం 2019 కింద ఏర్పడిన కేంద్ర ప్రాధికార సంస్థకు ప్రమాదకరమైన వస్తువులను వెనక్కి రప్పించే అధికారం ఉంది. పిల్లల బొమ్మలకు 2021 జనవరి 1 నుంచి ఐఎస్ఐ మార్కు తప్పనిసరి చేశారు. కానీ ఇవన్నీ దుకాణాల మీద పెట్టిన నిఘా. మూడో అంతస్తుకీ ఐదో అంతస్తుకీ మధ్య జరిగే బేరంలోకి ఏ ఇన్‌స్పెక్టరూ రాడు. అక్కడ అడగాల్సింది మీరే, చెప్పాల్సిందీ మీరే.

వాకర్: కొత్తదైనా పాతదైనా

కెనడా 2004 ఏప్రిల్‌లో చక్రాల వాకర్లను పూర్తిగా నిషేధించింది. దుకాణంలో అమ్మడమే కాదు, పాత వాకర్‌ను ఇంటి ముందు పెట్టి అమ్మినా నేరమే. మన దగ్గర అలాంటి నిషేధం లేదు. మొదటి పుట్టినరోజు లోపు వాకర్ కొనని ఇల్లు తక్కువ. అమెరికాలో 1990 నుంచి 2014 వరకు అత్యవసర విభాగాల లెక్కలు తీస్తే, వాకర్ల వల్ల గాయపడిన 15 నెలల లోపు పిల్లలు 2 లక్షల 30 వేల మంది దాకా తేలారు. నలుగురిలో ముగ్గురు మెట్ల మీంచి పడ్డవాళ్లే.

వాకర్‌లో ఉన్న బిడ్డ ఒక్క సెకనులో మూడడుగులకు పైగా కదలగలడు. మీరు పక్కనే ఉన్నా చెయ్యి అందదు. మన ఇళ్లలో మెట్లతో పాటు ఇంకో ప్రమాదం ఉంది. నేల మీద వార్చడానికి పెట్టిన అన్నం గిన్నె, టీపాయ్ మీద టీ కప్పు, కిందికి వేలాడే ఇస్త్రీ పెట్టె వైరు. పాకే పిల్లాడికి అందనివన్నీ వాకర్‌లో ఉన్నవాడికి అందుతాయి. పోనీ దానివల్ల నడక తొందరగా వస్తుందా అంటే, రాదు. కాలి మునివేళ్ల మీద తోసుకుంటూ పోవడం నడక నేర్చుకోవడం కాదు. వాకర్ విషయంలో నా మాట సూటిగా చెబుతాను. దాని చరిత్ర అడగక్కర్లేదు, కొనకండి. చాప వేసి నేల మీద వదిలేయండి.

తొట్టె, స్ప్రింగు, చీర

తొట్టె కొనేటప్పుడు అటూ ఇటూ ఊపి చూస్తాం. చూడాల్సింది చువ్వల మధ్య సందు. ఆరు సెంటీమీటర్లు మించితే పసిబిడ్డ ఒళ్లు అందులోంచి జారి తల ఇరుక్కుంటుంది. కూల్‌డ్రింక్ టిన్ను ఆ సందులోంచి దూరితే ఆ తొట్టె వద్దు. ఒకవైపు గోడ కిందికి జారే రకం తొట్టెలను అమెరికా 2011లో నిషేధించింది. ఆ గోడ ఊడి, మధ్యలో ఇరుక్కుని అంతకు ముందు పదేళ్లలో కనీసం 32 మంది పసివాళ్లు చనిపోయారు. ఊడిన బోల్టు బదులు తాడు కట్టి, సెలోటేపు చుట్టి ఇచ్చే తొట్టెలను నేను ఇక్కడే చూశాను.

రంగు వేసిన పాత చెక్క తొట్టె అయితే ఇంకో సంగతి. ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం మించకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది. అంతకు ముందు వేసిన రంగులో ఎంత ఉందో చూసి చెప్పలేం. పళ్లొచ్చే బిడ్డ ఆ అంచును కొరుకుతుంది. పెచ్చులూడుతుంటే తీసుకోవద్దు. బిడ్డ ఉన్న ఇంట్లో కూర్చుని గరుకు కాగితంతో గీకే పని అసలు పెట్టుకోవద్దు, ఆ దుమ్ము మరీ ప్రమాదం.

స్ప్రింగు ఉయ్యాలలు మన రాష్ట్రాల్లో చాలా ఎక్కువ. స్ప్రింగు లోహం, అలసిపోతుంది. ఇద్దరు పిల్లలను రెండేళ్లు ఊపిన స్ప్రింగును, కొక్కేన్ని మళ్లీ వాడకండి. చట్రం తీసుకున్నా స్ప్రింగు కొత్తది వేయించండి. బిడ్డ కూర్చోవడం మొదలుపెట్టిన రోజున ఉయ్యాల విప్పేయాలి. చీర ఉయ్యాల మరీను. నాలుగైదేళ్ల అక్క దాన్ని మెలితిప్పి ఆడుతుంటే మెడకు బిగుసుకున్న ఘటనలు మన పత్రికల్లోనే చదివారు.

పాత పరుపు గురించి కూడా ఒక మాట. ఇతరుల ఇంటి నుంచి తెచ్చిన పరుపు మీద పడుకునే పసివాళ్లలో నిద్రలో అకాల మరణాలు ఎక్కువగా కనిపించాయని 2002లో స్కాట్లండ్ అధ్యయనం ఒకటి చెప్పింది. పరుపే కారణమని అది తేల్చలేదు. అయినా గట్టిగా, తొట్టె కొలతకు సరిపోయే కొత్త పరుపు వేయించడం కష్టమైన పనేమీ కాదు.

కారుకు అడిగే మూడు ప్రశ్నలు

పాత కారు కొనేటప్పుడు ఏ సంవత్సరం మోడల్, ఎంత తిరిగింది, యాక్సిడెంట్ అయిందా అని అడగనివాళ్లు ఉండరు. అదే కారులో బిడ్డను కట్టే సీటుకు వీటిలో ఒక్కటీ అడగం. 14 ఏళ్ల లోపు పిల్లలను బెల్టు గానీ పిల్లల సీటు గానీ లేకుండా తీసుకెళితే వెయ్యి రూపాయల జరిమానా అని 2019 సవరణ చెప్పాక పాత సీట్లకు గిరాకీ పెరగడం సహజం. ఈ సీట్లకు గడువు ఉంటుంది, సాధారణంగా తయారైన నాటి నుంచి ఆరు నుంచి పదేళ్లు. వెనకవైపో అడుగునో లేబుల్ మీద ఉంటుంది. మే నెల ఎండలో అటక మీద పడి ఉన్న ప్లాస్టిక్ ఎలా పెళుసెక్కుతుందో మీ బకెట్లను చూసినా తెలుస్తుంది. పెద్ద ప్రమాదంలో ఉన్న సీటును మళ్లీ వాడకూడదు. పగులు లోపల ఉండొచ్చు, బయటికి కనిపించదు. స్కూటర్ మీద పిల్లలకు పెట్టే హెల్మెట్‌కూ ఇదే సూత్రం.

"ఒళ్లో కూర్చోబెట్టుకోవడం కంటే పాత సీటు నయం కదా" అని అడుగుతారు. వయసూ చరిత్రా తెలిసిన పాత సీటు కచ్చితంగా నయం. మీ అన్నయ్య వాడినది, మూడేళ్లది అయితే కళ్లకద్దుకుని తీసుకోండి. లేబుల్ చిరిగిపోయిన సీటు బేరం మాత్రం అక్కడితో ఆపేయండి.

ఇక చిన్నవి. పాలసీసాలు, పీకలు చేతులు మార్చొద్దు. ఒక్కరి వాడకానికి తయారైన బ్రెస్ట్ పంప్ కూడా అంతే, లోపలి గొట్టాలను పూర్తిగా శుభ్రం చేయలేం. పాటలు పాడే పాత బొమ్మ అయితే బ్యాటరీ మూతకు స్క్రూ ఉందా చూడండి. బటన్ బ్యాటరీ మింగితే రెండు గంటల్లోనే అన్నవాహిక కాలిపోవచ్చు. అనుమానం వచ్చినా వెంటనే ఆస్పత్రికి రండి, విరేచనంలో వస్తుందని ఎదురుచూడొద్దు.

ఇచ్చేవాళ్లకు

కొనేవాళ్లకు చెప్పింది చాలు. ఇచ్చేవాళ్లలో నేనూ ఒకణ్ని. మా అబ్బాయి వాకర్‌లో పోయి గోడకు గుద్దుకుని పెదవి చిట్లించుకున్నాడు. మర్నాడే దాన్ని మా వార్డు ఆయమ్మకు ఇచ్చేశాను, మనవడికి పనికొస్తుందని. ఆమె రెండు చేతులతో తీసుకుంది. మా వాడికి వద్దనుకున్నది ఆమె మనవడికి ఎలా పనికొస్తుందని, పిల్లల డాక్టర్‌ని అయ్యుండి కూడా, నాకు ఆ రోజు తట్టలేదు. ఆ పిల్లాడికి ఏమీ కాలేదు. అందులో నా గొప్పేమీ లేదు.

మన ఇళ్లలో పనికిరాదనుకున్న సామాను ఎక్కడికి వెళుతుందో ఒకసారి గమనించండి. కొనేవాళ్లు దొరక్కపోతే ఇంట్లో పనిచేసే ఆవిడకు, వాచ్‌మన్ కుటుంబానికి. వాళ్లు తయారీ తేదీ అడగరు. అడిగితే ఇంకోసారి ఇవ్వరేమోనని అడగలేరు కూడా. కాబట్టి గడువు తీరిన సీటును, బోల్టు పోయిన తొట్టెను, ఏ వాకర్‌నైనా అలాగే ఎవరికీ ఇవ్వొద్దు. బెల్టులు కత్తిరించి, చక్రాలు ఊడదీసి, మళ్లీ ఎవరూ వాడలేని విధంగా చేసి పాత ఇనుప సామాన్ల వాడికి వేయండి.

బాగున్నది అమ్మండి, సంతోషంగా ఇవ్వండి. గ్రూపులో "కండిషన్ సూపర్" బదులు ఇలా రాయండి: "కార్ సీటు. తయారీ 2022 జూన్, లేబుల్ ఫొటో పెట్టాను. మేం కొత్తగా కొన్నాం, ఒక్క బాబే వాడాడు. కారుకు యాక్సిడెంట్ కాలేదు. ఎడమ భుజం ప్యాడ్ పోయింది. సూచనల పుస్తకం ఇస్తాం." ఆ కింద ధర రాయండి.