ఆడిట్ అంటే వినడం

ముప్పైమూడేళ్ళు ఉన్నత పాఠశాలలో సంధులూ సమాసాలూ చెప్పి విశ్రాంతి తీసుకుంటున్నవాడికి బాయిలర్లతోనూ కంప్రెసర్లతోనూ ఏమి పని అని పాఠక మహాశయులకు సందేహం కలుగవచ్చు. కలగడం సహజమే. కిందటి ఏడాది వరకు నాకూ అదే అభిప్రాయం ఉండేది.

నా దగ్గర పదవ తరగతి చదివి, ఇంజనీరై, కేంద్ర ఇంధన సామర్థ్య బ్యూరో వారి పరీక్షలో ఉత్తీర్ణుడై, ఎనర్జీ ఆడిటరుగా పనిచేస్తున్న శిష్యుడొకడు ఒకనాడు ఇంటికి వచ్చాడు. "మాస్టారూ, గోదావరి వైపు ఒక ఉప్పుడు బియ్యం మిల్లులో ఆడిట్ చేస్తున్నాను. నివేదిక సారాంశం అక్కడ పనిచేసేవాళ్ళకు తెలిసే తెలుగులో రెండు పేజీలు మీరు రాసిపెట్టాలి" అన్నాడు. చూడనిదాన్ని రాయలేనన్నాను. "అయితే రండి" అన్నాడు. అట్లా మూడు రోజులు వాడి వెంట ఆ మిల్లులో తిరిగాను.

ముందు మాట సంగతి చెప్పనివ్వండి. పండితుడి బుద్ధి పోనిచ్చుకోలేదు. ఆడిట్ అనే ఆంగ్ల పదానికి మూలం లాటిన్ భాషలో "వినుట" అనే అర్థం గల క్రియ. పూర్వం ఐరోపాలో జమాఖర్చులను పైకి చదివి వినిపించేవారట. వినేవాడే ఆడిటరు. మన పత్రికలు దీనిని "ఇంధన తనిఖీ" అని అనువదిస్తున్నాయి. ఈ అనువాదం నాకు నచ్చదు. తనిఖీ అనగానే నాకు బడి తనిఖీ రోజులు గుర్తుకు వస్తాయి. అధికారి వస్తున్నాడంటే గోడలకు సున్నం వేయించేవాళ్ళం, తెలివైన పిల్లలను ముందు వరుసలో కూర్చోబెట్టేవాళ్ళం, వెనుకబడినవాళ్ళను ఆ రోజు ఇంటి దగ్గరే ఉండమనేవాళ్ళం. ఆయన చూసి, సంతకం చేసి వెళ్ళేవాడు. బడి యథాతథంగా ఉండేది. తప్పు దొరుకుతుందన్న భయం ఉన్నచోట నిజం దాక్కుంటుంది.

ఆ మిల్లులోనూ భయమే ముందు ఎదురైంది. బాయిలర్ దగ్గర ఇరవై ఏళ్ళుగా పనిచేస్తున్న ఫైర్‌మన్ మమ్మల్ని చూడగానే చేతులు కట్టుకుని పక్కకు నిలబడ్డాడు. ఆ సీజనులో ఊక ఖర్చు బాగా పెరిగింది. ఊక ఒకప్పుడు పారబోసే వస్తువు. ఇప్పుడు ఇటుక బట్టీలవారు మొదలుకొని అందరూ డబ్బిచ్చి కొంటున్నారు. కనుక కాల్చిన ప్రతి బస్తా లెక్కే. యజమాని లోగొంతుతో మాతో ఇలా అన్నాడు: "ఆయనకు వయసైపోయిందండి. ధ్యాస లేకుండా ఎగదోసేస్తున్నాడు. మీ రిపోర్టు వచ్చాక మానిపించేద్దామనుకుంటున్నాను." అంటే ఆడిట్ నివేదిక ఆయన దృష్టిలో ఒక మనిషిని ఇంటికి పంపడానికి కావలసిన కాగితం.

నా శిష్యుడు పొగగొట్టంలోకి సన్నని గొట్టం దూర్చి యంత్రంతో కొలిచాడు. బయటకు పోయే పొగలో ప్రాణవాయువు పదమూడు శాతం ఉంది. అందులో సగం ఉంటే చాలునట. అవసరానికి మించి లోపలికి వచ్చిన గాలి, కొలిమిలో వేడెక్కి, ఆ వేడిని మూటగట్టుకుని ఆకాశానికి పోతున్నది. ఎందుకింత గాలి వస్తున్నదని వెతికితే, గాలిని అదుపు చేసే డ్యాంపర్, అనగా పొగదారిలోని రేకు తలుపు, పూర్తిగా తెరుచుకుని బిగిసిపోయి ఉంది.

వాడు ఫైర్‌మన్ వైపు తిరిగి, "ఇది ఎప్పటినుంచి ఇలా ఉంది బాబాయ్?" అని మెల్లిగా అడిగాడు.

"ఆర్నెల్లయిందండి. సెప్పేనండి. ఎవరూ ఇన్లేదండి."

ఆ తరువాత ఆయన తానుగా నోరు విప్పాడు. డ్రయ్యర్లలో ఆవిరి చల్లబడి తయారయ్యే వేడి నీళ్ళు మురుక్కాలువలో పోతున్నాయనీ, బాయిలర్‌కేమో బోరు నీళ్ళు చల్లగా పోస్తున్నామనీ చెప్పాడు. బాయిలర్‌లోకి వెళ్ళే నీటి వేడి 6 డిగ్రీలు పెరిగిన ప్రతిసారీ ఇంధనం సుమారు 1 శాతం ఆదా అవుతుందని ఇంజనీర్ల లెక్క. 30 డిగ్రీల నీటికి బదులు 60 డిగ్రీల నీరు పంపితే 5 శాతం ఊక మిగులుతుంది. కావలసినవి కొంత పైపు, ఒక చిన్న పంపు. ఆ నీటికి నేను "సాంద్రీకృత జలం" అని రాయబోయాను. ఫైర్‌మన్ దానిని "ఆవిరి నీళ్ళు" అన్నాడు. నా మాట కొట్టివేసి ఆయన మాట రాశాను.

మూడవ సంగతి రాత్రి తెలిసింది. బియ్యంలో రంగు మారిన గింజలను గాలి ఊది ఏరివేసే సార్టెక్స్ యంత్రానికి 30 హార్స్‌పవర్ కంప్రెసర్ ఒకటి గాలి అందిస్తుంది. మిల్లంతా ఆపించి, ఆ కంప్రెసర్‌ను మాత్రం నడిపించాడు. గాలి వాడేవారు లేరు కనుక అది ఒకసారి నిండి ఊరుకోవాలి. ఊరుకోలేదు. ప్రతి పది నిమిషాల్లో మూడు నిమిషాలు పనిచేస్తూనే ఉంది. అంటే దాని సామర్థ్యంలో 30 శాతం చిల్లులకే పోతున్నది. ఆ నిశ్శబ్దంలో నిలబడితే పైపుల అతుకుల దగ్గర గాలి బుసలు నాకే వినిపించాయి. 22 కిలోవాట్లలో 30 శాతం, రోజుకు 16 గంటలు, ఏడాదికి 300 రోజులు: దాదాపు 31,700 యూనిట్లు. యూనిట్ ఏడు రూపాయలనుకుంటే రెండు లక్షలకు పైమాట. యజమాని అప్పటికే మరింత పెద్ద కంప్రెసర్‌కు ధర అడిగి ఉన్నాడు. చిల్లు కుండకు నీళ్ళు చాలడం లేదని పెద్ద బిందె కొన్నట్టు.

ఇంతకన్నా నన్ను బాధించిన విషయం ఆఫీసు గదిలో కనిపించింది. రెండేళ్ళ కిందట మరెవరో చేసిన ఆడిట్ నివేదిక బీరువాలో ఉంది. ఎనభై పేజీలు, చక్కని బైండింగు, రంగుల పటాలు, అంతా ఆంగ్లం. డ్రయ్యర్ల నీటిని బాయిలర్‌కు తిప్పండని అందులో రాసే ఉంది. గాలి చిల్లులు పూడ్చండనీ ఉంది. ఆ పేజీలు తిరగేసిన గుర్తులు లేవు. ఎవరి చేతుల మీదుగా ఆ పనులు జరగాలో వారికి ఆ భాష రాదు. ఆ భాష వచ్చినవారు బాయిలర్ దగ్గరకు పోరు. ఇల్లలకగానే పండుగ కాదన్నారు పెద్దలు. దిద్దిన జవాబు పత్రాన్ని పిల్లవాడికి తిరిగి ఇవ్వని ఉపాధ్యాయుడి శ్రమ ఎట్లాంటిదో, ఈ నివేదిక కూడా అట్లాంటిదే.

చట్టం లేక కాదు. పార్లమెంటు 2001లో ఇంధన పొదుపు చట్టం చేసింది. 2002 మార్చి 1న ఇంధన సామర్థ్య బ్యూరో ఏర్పడింది. 2012లో మొదలైన "పాట్" పథకం ఉక్కు, సిమెంటు, ఎరువులు, కాగితం వంటి 8 రంగాలలో 478 పెద్ద సంస్థలకు లక్ష్యాలు విధించింది. లక్ష్యం మించి ఆదా చేసినవారు పత్రాలు అమ్ముకున్నారు, వెనుకబడినవారు కొనుక్కున్నారు. పెద్దవారిని కదిలించడానికి అది మంచి ఉపాయమే. కాని ఇటువంటి మిల్లులు ఆ జాబితాలోకి రావు. వీరికి ఆడిట్ అనేది ఇష్టముంటే చేయించుకునే పని. చేయించుకున్నవారిలోనూ బ్యాంకు అప్పుకో రాయితీకో కాగితం కావాలని చేయించుకునేవారు ఉన్నారు. ఒక మిల్లుకు రాసినదానిలో పేరు మార్చి మరో మిల్లుకు ఇచ్చే ఆడిటర్లూ, తమకు తెలిసినవారి యంత్రాలనే కొనమని సిఫారసు చేసేవారూ ఉన్నారని నా శిష్యుడే ఒప్పుకున్నాడు.

కనుక నాకు తోచిన మూడు మాటలు విన్నవిస్తాను. మొదటిది, నివేదికలో కనీసం రెండు పేజీలు పనివాళ్ళ భాషలో ఉండాలి. వాటిని వారికి చదివి వినిపించాలి. రెండవది, ఖర్చు లేని పనులు ముందు, కొద్ది ఖర్చువి తరువాత, యంత్రాలు కొనడం చివర. ఫ్యాను వేగం ఐదోవంతు తగ్గిస్తే అది తీసుకునే విద్యుత్తు దాదాపు సగానికి పడిపోతుందట. అందుకు పరికరం కొనడం మంచిదే, కాని బిగిసిన తలుపు ముందు కదలాలి కదా. మూడవది, ఒక టన్ను ధాన్యానికి ఎంత ఊక, ఎన్ని యూనిట్లు అన్నది రోజూ రాయాలి. మొత్తం ఖర్చు చూసి మనిషిని అనుమానించడం సులభం. టన్నుకు ఎంత అన్న లెక్క ఉంటే ఏ రోజున ఏమి చెడిందో తెలుస్తుంది.

ఆ మిల్లు యజమాని ఫైర్‌మన్‌కు క్షమాపణ చెప్పలేదు. చెబుతాడని నేను అనుకోనూ లేదు. కాని డ్యాంపర్ బాగుచేయించాడు. ఫైర్‌మన్‌ను మానిపించే మాట మళ్ళీ ఎత్తలేదు. నేను ఒక నోటుపుస్తకంలో గడులు గీసి తేదీ, ధాన్యం, ఊక, పొగ వేడి అని తెలుగులో రాసి ఫైర్‌మన్ చేతికి ఇచ్చాను. నాలుగు నెలల తరువాత శిష్యుడు ఫోనులో ఆ పేజీల ఫొటోలు పంపాడు. టన్నుకు పడే ఊక ఎనిమిదో వంతు తగ్గింది. అంకెలు వంకరగా ఉన్నాయి గాని ఒక్క రోజు కూడా ఖాళీ లేదు. చివరి పేజీ అడుగున "మూడో డ్రయ్యరు దగ్గర ఆవిరి కారతంది" అని రాసి ఉంది.

ఆ వాక్యాన్ని నేను దిద్దలేదు. యజమాని చదివాడా అని మాత్రం శిష్యుణ్ణి అడిగాను. చదివి, మర్నాడే మెకానిక్కును పిలిపించాడట.