సరకుబండిలో కూలిజనము

మిరపకోతలు మొదలైన నాటినుండి ముగియు వరకును, అనగా జనవరి మొదలుకొని ఏప్రిలు దాక, ఖమ్మము మైదానమునకును భద్రాచలపు టడవికిని నడుమనున్న పల్లెలలో తెల్లవారకమున్నే యొక మార్పు జరుగుచుండును. నిన్నటి సాయంకాలము వరకు ఎరువుబస్తాలను మోసిన చిన్న ట్రక్కు నేటి వేకువకు మనుష్యులను మోయు బండి యగును. వెనుకతొట్టిని నీటితో కడుగుదురు. ఇరుప్రక్కల రెండు పొడవాటి బల్లలు బిగింతురు. నాలుగు గంటలకు మేస్త్రి కేక వేయును. సద్దిమూట చేతబట్టుకొని, తలకు గుడ్డ చుట్టుకొని స్త్రీలు ఎక్కుదురు. కూర్చుండ చోటు దొరకనివారు నడుమ నిలుచుందురు. సూర్యుడు పొడచూపునప్పటికి ఆ బండి ముప్పది నలువది కిలోమీటర్ల దూరమున ఏదో మిరపతోట గట్టున ఆగియుండును.

ఇట్టి బల్లలను అమర్చుచుండగా మేమొక యింటి ముంగిట నిలిచి చూచితిమి. ఆ పని చేయుచున్నవాడు బండి యజమానియే. వడ్రంగియు కాడు, కమ్మరియు కాడు. వెల్డింగు దుకాణమున కోయించి తెచ్చిన యినుప యాంగ్లరు ముక్కలను తొట్టి రేకునకు బోల్టులతో బిగించెను. వానిపై వేపచెక్క నుంచి, చెక్కపై పాత సోఫానుండి తీసిన స్పాంజిని పరచి, యూరియా సంచితో చుట్టి కుట్టెను. ఎక్కువారికి ఆసరాగా వెనుక నొక యినుపకడ్డీని మెట్టుగా కట్టెను. ముసలమ్మలకు నడుము నొప్పి రాకుండుటకే ఈ మెత్త యని మాతో చెప్పెను. ఆ మాటలో కపటము లేదు. అతని చేతినేర్పును చూచి సంతోషింపకుండ నుండలేకపోతిమి. ఆ నేర్పు ఎట్టి ప్రమాదస్థలమున వినియోగపడుచున్నదో తలచి భయపడకుండను ఉండలేకపోతిమి.

ఆ భయమునకు గల కారణమును చెప్పవలసియున్నది. సరకుబండి తొట్టి సరకు కొరకు కట్టబడినది. బస్తా తొట్టి యడుగున పడియుండును. బల్లమీద కూర్చున్న మనుష్యుల బరువు తొట్టి యంచునకు మీదుగా లేచును. బరువు మీదికి లేచినకొలది మలుపులో బండి వాలుట సులభము. పైగా బస్తా కదలదు, మనిషి కదలును. బండి ఒకవైపునకు వాలగానే పట్టు దొరకనివారందఱును ఆ వైపునకే ఒరిగి దానిని మఱింత వాల్తురు. తొట్టి రేకు పలుచనిది. ఆకస్మికముగా బ్రేకు వేసినపుడు బోల్టు ఊడకపోవచ్చును. దాని చుట్టునున్న రేకు చినిగి, బల్లయే మనుష్యులతో కూడ లేచిపోవును. వెనుక ఇరుసునకు ఆవలి భాగమున జనము క్రిక్కిరిసినచో ముందుచక్రములపై బరువు తగ్గి స్టీరింగు తేలిక యగును. చేతికి హాయిగా నున్నదని డ్రైవరు తలచును గాని, బండి మాత్రము అతని మాట వినదు.

ఇవి మా యూహలు కావు. 2018 ఏప్రిలు 6వ తేదీన నల్లగొండ జిల్లా వద్దిపట్ల చెంత మిరపకోతకు పోవుచున్న కూలీల ట్రాక్టరు కాలువలో పడి తొమ్మండుగురు స్త్రీలు మరణించిరి. 2020 మే 14వ తేదీన ప్రకాశము జిల్లా రాపర్ల వద్ద మిరపతోటనుండి మరలివచ్చు ట్రాక్టరు విద్యుత్ స్తంభమును గ్రుద్దుకొనగా కూలీలు కరెంటుకు బలియైరి. 2024 మే 20వ తేదీన ఛత్తీస్‌గఢ్‌లోని కవర్ధా ప్రాంతమున తునికాకు కోసి యింటికి మరలుచున్న బైగా గిరిజనుల పికప్ బండి లోయలో పడి పందొమ్మండుగురు ప్రాణములు గోల్పోయిరి. వారిలో అత్యధికులు స్త్రీలు. తునికాకు మన భద్రాచలపు టడవిలోను వేసవియందే కోయుదురు. ఆ బండి ఇక్కడి బండియే యనుకొనుటకు మనకు పెద్ద ఊహ అక్కరలేదు.

ప్రమాదము జరిగిన మఱునాడు అధికారులు మేల్కొందురు. నాలుగు దినములు రోడ్లపై తనిఖీలు జరుగును. బల్లలు పీకించుటయు, చలానాలు వ్రాయుటయు, పత్రికలకు ఫోటో లిచ్చుటయు ముగియును. అయిదవనాడు బల్లలు మరల తమ స్థానమున కూర్చుండును. చట్టము లేక కాదు. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము తయారీదారుడు నిర్ణయించి రిజిస్ట్రేషను పత్రమున కెక్కిన వివరములకు భిన్నముగా బండిని మార్చుట కూడదు. సుప్రీముకోర్టు 2019 జనవరిలో ఈ విషయమును మఱింత కచ్చితముగా చెప్పినది. అదే సంవత్సరమున సవరింపబడిన చట్టము ఇట్టి మార్పునకు ఆఱు నెలల వరకు ఖైదు గాని, ఒక్కొక్క మార్పునకు 5,000 రూపాయల జుల్మానా గాని, రెండును గాని విధించుచున్నది. పరిమితికి మించి ఎక్కించుకొన్న ఒక్కొక్క మనిషికి 200 రూపాయల జుల్మానా వేఱుగ నున్నది. ఇంత చట్టముండియు బల్ల తొలగకపోవుటకు కారణము, ఆ బల్లను మోయుచున్నది నాలుగు బోల్టులు కాక ఆకలి యగుటయే.

బస్సులేవీ యని యడుగవచ్చును. తెలంగాణమున 2023 డిసెంబరు 9వ తేదీనుండి స్త్రీలకు ఆర్.టి.సి. బస్సులలో ఉచిత ప్రయాణము కల్పింపబడినది. ఆంధ్రప్రదేశమున 2025 ఆగస్టు 15వ తేదీనుండి అట్టిదే యమలునకు వచ్చినది. ఇవి మంచి పనులని మేము నిస్సంకోచముగా చెప్పుదుము. అయితే టిక్కెట్టు ఉచితమైనంతమాత్రమున బస్సు తోటగట్టునకు రాదు గదా! తెల్లవారుజామున నాలుగు గంటలకు గూడెమునుండి బయలుదేరి చేనుచెంత దింపు బస్సు లేనిచో, ఆ ఉచిత టిక్కెట్టు మిరపకూలికి ఆ వేళ అక్కరకు రాదు. ఈ ప్రాంతమునకు రైలు చేసిన మర్యాదయు నిట్టిదే. భద్రాచలం రోడ్డను పేరుగల రైలుస్టేషను కొత్తగూడెములో నున్నది. రామదర్శనమునకై యచట దిగిన యాత్రికుడు ఇంకను నలువది కిలోమీటర్లు పోవలెను. ఆ పేరులో నిజమైనది రోడ్డను మాట యొక్కటే.

మాకు అన్నిటికంటె దుస్సహముగ తోచునది బీమా విషయము. బండికి బీమా కలదని యజమాని చెప్పును, కాగితము చూపును, కాగితము నిజమైనదే. అయినను 147వ సెక్షను ప్రకారము సరకుబండిలో ప్రయాణించువారిలో ఎవరికి రక్షణ కలదో విచారింపుడు. 1994 సవరణముచే సరకు యజమానికిని, బండిలో వెంటవచ్చు అతని ప్రతినిధికిని రక్షణ కల్పింపబడినది. బండి పనికై యజమాని నియమించుకొన్న పనివాండ్రకును కొంత కలదు. ఊరక ఎక్కి ప్రయాణించువారికి మాత్రము బీమా కంపెనీ బాధ్యత వహింప నక్కరలేదని 2002 డిసెంబరులో సుప్రీముకోర్టు ఆశారాణి కేసులో నిర్ణయించినది. కావున మన మిరపకూలి స్థితి యేమి? ఆమె తన సొంత మిరపబస్తాతో ఆ బండి యెక్కినచో సరకు యజమానురాలగును, చట్టము ఆమెను గుర్తించును. పరుల మిరపకాయలు కోయుటకై వట్టి చేతులతో ఎక్కినది గనుక గుర్తింపదు. బస్తాకు గల మర్యాద ఆ చేతులకు లేకపోయెను.

ముందు కంపెనీ పరిహారము చెల్లించి, పిదప యజమాని వద్ద వసూలు చేసికొనవలెనని కోర్టు ఆదేశించిన సందర్భములు గలవు. 2004 నాటి బల్జీత్‌కౌర్ కేసు అట్టిది. కాని అట్టి యాదేశము వచ్చునో రాదో యను సందేహముతో ఏండ్లకొలది తిరుగుటకు శక్తిగల కుటుంబములు కావు ఇవి. ఇక బండి యజమాని యననెవరు? అప్పుచేసి ట్రక్కు కొన్న చిన్నరైతు. తీర్పు వానిమీద వచ్చినను వసూలు చేయుటకు వాని యొద్ద ఆ విరిగిన బండి తప్ప మఱేమియు నుండదు. కూలీలను పిలిపించిన తోట యజమానియు, తలకింతయని కమీషను తీసికొన్న మేస్త్రియు ఈ లెక్కలో ఎచటను కానరారు.

సరిహద్దు ఈ చిక్కును రెట్టింపు చేయుచున్నది. 2014లో పోలవరము నిమిత్తమై చింతూరు, కూనవరము, ఎటపాక మున్నగు ప్రాంతములు ఆంధ్రప్రదేశమున చేరెను. భద్రాచలపు పట్టణము తెలంగాణమున నిలిచెను. చర్లనుండి భద్రాచలమునకు వచ్చు బండి ఒక రాష్ట్రమున బయలుదేరి, రెండవ రాష్ట్రపు గ్రామముల మీదుగ వచ్చి, మరల మొదటి రాష్ట్రమున ప్రవేశించును. ఆవల బస్తరు. 2005 తరువాత అచటి కల్లోలమునకు వెఱచి వచ్చిన గుత్తికోయలు ఈ యడవుల అంచులందు గుడిసెలు వేసికొనియున్నారు. కోతలకాలమున వారి బంధువులు మఱికొందఱు వత్తురు. 2020 ఏప్రిలులో లాక్‌డౌనువలన బండ్లన్నియు ఆగిపోగా, ములుగు జిల్లా పేరూరు మిరపతోటలలో పనిచేసిన పండ్రెండేండ్ల బీజాపూరు బాలిక నూఱు కిలోమీటర్లకు పైబడిన దూరము తనవారితో నడచి, ఇల్లు చేరువలో నుండగా మరణించినది. బల్లచెక్క బండియైనను దొరకని దినము ఎట్టిదో ఆ బిడ్డ చావు చెప్పుచున్నది. కావుననే బల్లలు పీకించుటతో పని ముగిసినదనువారితో మేము ఏకీభవింపము.

మేమును ఒకప్పుడు ఇట్టి బండ్లన్నిటిని నిషేధింపవలెనని వ్రాసితిమి. అది తొందరపాటు. 1917లో గాంధీ మహాత్ముడు మూడవతరగతి రైలు ప్రయాణికుల బాధలనుగూర్చి చిన్న పుస్తకమును వ్రాసినపుడు పెట్టెలను ఎత్తివేయుడని కోరలేదు. పెట్టెలో మనిషిని మనిషిగా చూడుడని కోరెను. మన్యమున 1922 నాటి అల్లూరి సీతారామరాజు తిరుగుబాటునకు మూలమైన కారణములలో రోడ్లు వేయుటకు గిరిజనులచే చేయించిన వెట్టిచాకిరి యొకటి. రోడ్డు వేసినవాని సంతతికి ఆ రోడ్డుపై నేటికిని సరియైన ఆసనము దొరకలేదు.

ఆసనము కల్పించుట యసాధ్యము కాదు. రెండవ ప్రపంచ యుద్ధానంతరము ఫిలిప్పీన్సులో అమెరికను సైన్యము విడిచిపోయిన జీపులను ఊరి పనివాండ్రు పొడిగించి, వెనుక రెండు పొడవాటి బల్లలు వేసి, జీప్నీలను తయారు చేసిరి. మన ముంగిట జరుగుచున్న పనియు అదియే గదా! అచటి ప్రభుత్వము వానికి లైసెన్సులిచ్చి, దారులు నిర్ణయించి, క్రమమునకు తెచ్చెను. థాయిలాండులోని సాంగ్‌థ్యూ యను బండియు పికప్ ట్రక్కే. ఆ పేరునకు రెండు వరుసలని యర్థము. అవి లోపరహితములని మేమనము. బల్లను దొంగసొత్తుగా భావించి దాచుటకంటె, వెలుగులోనికి తెచ్చి దిద్దుట మేలని మాత్రము అందుము.

కావున మేము కోరునది యిది. బస్సు పోగల దారులలో, కోతలకాలమున, వేకువజామున ఆర్.టి.సి. కూలీల బస్సులు నడపవలెను. ఏ గూడెమునుండి ఏ తోటలకు ఎందఱు పోవుదురో మేస్త్రులకు కంఠతా వచ్చును. అడిగినచో ఒక్కదినమున దారుల పట్టిక తయారగును. బస్సు పోలేని దారులలో మాత్రమే, రవాణాశాఖవారు ఆమోదించిన నమూనా ప్రకారము, చట్రముతో కలిపి బిగించిన బల్లలును, మీద ఇనుప కమానులును, నడుము పట్టీలును, తలుపును గల బండ్లకు కోతలకాలపు అనుమతి నీయవలెను. కూర్చున్నవారిని లెక్కించి బీమా కట్టించుకొనవలెను. ఆ ప్రీమియమును బండివాని నెత్తిన వేయక, తోట యజమానులును మేస్త్రులును భరింపవలెను. అనుమతి రెండు రాష్ట్రములలోను చెల్లవలెను. ఇందుకు కేంద్రచట్టమును సవరింపవలసియున్నచో, నీళ్లకై తగవులాడుకొను రెండు ప్రభుత్వములును ఈ యొక్క విషయమునందైనను కలిసి ఢిల్లీకి పోవచ్చును.

అనుమతి యిచ్చినచో ప్రమాదమునకు ముద్రవేసినట్లగునని కొందఱు అధికారులు మాతో అనిరి. అభ్యంతరము తేలికైనది కాదు. నమూనా పేరిట వట్టి రంగు వేసి లంచమునకు సంతకము పెట్టు తనిఖీ దొరలున్నంతవరకు ఆ భయముండును. కాని నేడున్న స్థితియందు తనిఖీయు లేదు, సంతకమును లేదు, చలానా మాత్రమున్నది. ఆ చలానా సొమ్ము కూడ, మేము విచారించినంతలో, కూలీల నుండి తలకింతయని వసూలగుచున్నది.

మేము చూచిన ఆ యజమానిని, తగిన నమూనా యిచ్చినచో దాని ప్రకారము కట్టెదవా యని యడిగితిమి. కాగితము తెచ్చి యిండు, బండి యిప్పుడే విప్పెదనని అతడు చెప్పెను. మొదటికోత జనవరిలో మొదలగును. కాగితము వ్రాయవలసినవారికి అంతవరకు గడువున్నది.