సొమ్ము వచ్చు దారి

ఇతరుల వెబ్‌సైట్లను తన సర్వరులపై నుంచి యేటేట రుసుము పుచ్చుకొను చిన్న హోస్టింగు వ్యాపారి, అంగడిలో దినుసు తూచి యిచ్చు వర్తకునివంటివాడు కాడు. అంగడివాడు బేరము ముగియగానే రొక్కము చేతబట్టును. ఇతడో, యేడాది కొక్కమారు, తానెన్నడును చూడని ఖాతాదారునియొద్దనుండి సొమ్ము రాబట్టుకొనవలెను. ఆ సొమ్ము వచ్చు దారి మూసికొనిపోయినచో వ్యాపారికి బాకీ మాత్రమే మిగులును; ఖాతాదారునకు వెబ్‌సైటే పోవును.

ఇటీవల నీ దారులు పలుమారులు మారినవి. పేపాల్ సంస్థ భారతదేశములోనివారు దేశములోనివారికే చెల్లించు సేవను 2021 ఏప్రిల్ 1 నుండి మానుకొని, విదేశములనుండి వచ్చు సొమ్మును మాత్రము అందించుచున్నది. ఆ సంవత్సరమే అక్టోబరు 1 నుండి రిజర్వు బ్యాంకు కట్టడి అమలులోనికి వచ్చినది. కార్డునుండి తనంతట సొమ్ము మరలు నేర్పాటునకు ఖాతాదారుడు ముందుగా అనుమతి నమోదు చేయవలెను. సొమ్ము తీయుటకు 24 గంటల ముందు అతనికి తెలుపవలెను. 5,000 రూపాయలు మించినచో ప్రతిసారియు ఓటీపీ కావలెను. ఈ హద్దు 2022 జూన్‌లో 15,000కు పెరిగినది. 2022 అక్టోబరునుండి వర్తకులు కార్డు సంఖ్యలను తమయొద్ద దాచుకొనుటయు నిషిద్ధమైనది.

ఈ కట్టడులను మేము నిందింపము. సొంతదారు నెరుగక సొమ్ము కదలరాదనుట న్యాయమే. మా యాక్షేపణ, ఖాతాదారునకు చెప్పకయే గేట్‌వేను మార్చు వ్యాపారులపైన. పాత గేట్‌వేలో నమోదైన అనుమతి సాధారణముగా క్రొత్తదానికి సంక్రమింపదు. పోయినయేటివలెనే సొమ్ము పోవునని ఖాతాదారుడు నిశ్చింతగా నుండును. గడువు దాటును. డాట్‌కామ్ వంటి పేరు రద్దయిన పిమ్మట దానిని విడిపించుకొనుటకు 30 దినముల వ్యవధి కలదు గాని, దానికి మామూలు రుసుమునకు పెక్కురెట్లు చెల్లింపవలసివచ్చును. అదియు దాటినచో ఆ పేరు నెవ్వరైనను కొనవచ్చును.

యూపీఐ 2016లో వచ్చినది. 2020 జనవరి 1 నుండి దానిపై వర్తకునికి బ్యాంకుల తగ్గింపు రుసుము లేదు. కార్డుపై గేట్‌వే నూటికి రెండు రూపాయలు పుచ్చుకొన్నచో, 3,000 రూపాయల బిల్లుపై 60, దానిపై 18 శాతము జీఎస్టీ చేరి 70 రూపాయల 80 పైసలు పోవును. స్వల్పలాభముతో బ్రతుకు వ్యాపారికి ఇది చిన్నది కాదు. కావున కార్డులు మానివేసి యూపీఐ యొక్కటే యుంచుకొందమను కోరిక పుట్టుట సహజము. అయినను మేము దీనిని సమర్థింపజాలము. డల్లాసులోనుండి తన గ్రామ గ్రంథాలయపు వెబ్‌సైటునకు చెల్లించు తెలుగువానికి అమెరికా కార్డు కలదు. ప్రవాసుల బ్యాంకు ఖాతాలకు విదేశపు ఫోను సంఖ్యలతో యూపీఐ వాడుకొను వీలు 2023లో కొన్ని దేశములకు కల్పింపబడినది నిజమే. ఇక్కడ ఖాతాయే లేనివాని మాటేమి? పద్దు చూపవలసిన సంఘములకు యూపీఐ కంటె నెఫ్ట్ అనుకూలము.

ఇంకొక చిక్కు కలదు. ‘మా చెల్లింపు పద్ధతి మారినది, ఈ లంకెను నొక్కుడు’ అను సందేశము మోసగాండ్రు పంపు సందేశమును అచ్చముగా పోలియుండును. తెలివిగల ఖాతాదారుడు దానిని తుడిచివేయును, వేయవలెను కూడ! కావున వ్యాపారి ఈ మార్పును బిల్లుమీదను, ఖాతాదారుడు తానే ప్రవేశించి చూచుకొను పుటలోను ప్రకటింపవలెను. పెద్ద ఖాతాలవారికి ఫోనులో చెప్పవలెను. యజమాని స్వంత యూపీఐ సంఖ్యకు సొమ్ము పంపుమని యడుగుట, రసీదు లేకుండుట, ఈ రెండును వెంటనే మానవలసినవి.

పాత దారిని, చట్టమో సంస్థయో మూయించినగాని, ఒక పూర్తి సంవత్సరము తెరచియుంచవలెనని మా కోరిక. ఏలయన ఒక్కొక్క ఖాతాదారుడు ఒక్కొక్క మాసమున చెల్లించును. అందరికిని వంతు వచ్చుటకు పండ్రెండు నెలలు పట్టును. ఆలోగా చెల్లింపు తప్పినవాని వెబ్‌సైటును ఆపవలసివచ్చినను, అందలి వ్రాతలను చిత్రములను 30 దినములైన చెరపక యుంచుటకు వ్యాపారికి పట్టు వ్యయ మత్యల్పము.