భిక్కనూరు లెక్కలోకి రాదా?

గత ఆదివారం సంచికలో ఉస్మానియా, ఆంధ్ర, హైదరాబాద్ విశ్వవిద్యాలయాలను పోల్చిన వ్యాసం ర్యాంకులు చూసి హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీదే పైచేయి అని తేల్చేసింది. అసలు ఆ పోలికే సరికాదు. ఆరు సూత్రాల పథకం ఫలితంగా 1974లో పార్లమెంటు చట్టంతో వచ్చిన సంస్థ అది. కేంద్రం నిధులతో నడుస్తుంది. ఉస్మానియా రాష్ట్రం ఇచ్చే గ్రాంటుతో నెట్టుకొస్తూ, వందల అనుబంధ కాలేజీల పరీక్షలు, పట్టాల పని కూడా మోయాలి.

ఇక ఉస్మానియా 1918 నుంచీ తెలుగువారి గర్వకారణమట! నిజాం పాలన ముగిసేదాకా అక్కడ బోధన ఉర్దూలోనే సాగింది. తెలుగు బడిలో చదివిన పల్లెటూరి పిల్లవాడికి ఆ గడప ఎంత ఎత్తో వ్యాసకర్త రాయలేదు. 1938లో వందేమాతరం పాడినందుకు ఉస్మానియా వెళ్లగొట్టిన విద్యార్థులను చేర్చుకున్నది నాగపూర్ విశ్వవిద్యాలయం. ప్రతిష్ఠ లెక్క కట్టేటప్పుడు ఇదీ చెప్పాలి కదా.

నాకు ఎక్కువ బాధ కలిగించింది వేరే. తెలంగాణ విశ్వవిద్యాలయాన్ని ‘పేరు లేనిది’ అని ఒక్క ముక్కలో కొట్టేశారు. 2006లో ఏర్పడిన ఆ విశ్వవిద్యాలయపు భిక్కనూరు సౌత్ క్యాంపస్ ఒకప్పుడు ఉస్మానియా పీజీ సెంటరే. బోర్డు మారగానే అక్కడి చదువు విలువ పడిపోయిందా? మా ఎల్లారెడ్డి వైపు ఆడపిల్లను హైదరాబాద్ హాస్టల్లో ఉంచి చదివించే స్తోమత లేని ఇళ్లు ఎన్నో. మా అమ్మాయి పీజీ చేస్తే భిక్కనూరులోనే చేయాలి. అక్కడ ఎన్ని అధ్యాపక పోస్టులు ఖాళీగా ఉన్నాయో, ఎప్పుడు నింపుతారో ప్రభుత్వాన్ని అడిగి రాయండి.

– ఒక డిగ్రీ విద్యార్థిని తండ్రి, నాగిరెడ్డిపేట, కామారెడ్డి జిల్లా