భవన దర్శనమా, భవన పరీక్షయా?

మన నర్సంపేటనుండి హైదరాబాదునకు పోయి వచ్చువారికి కొదువ లేదు. పెండ్లిండ్లకు పోవుదురు, వైద్యమునకు పోవుదురు, సెలవులలో పిల్లలకు నగరము చూపుటకును పోవుదురు. చార్మినారు, గోలకొండలతో తృప్తిపడక, ఇటీవల చదువుకొన్న కుటుంబములవారు ఉస్మానియా ఆర్ట్సు కళాశాలను, రవీంద్రభారతిని గూడ చూచి వచ్చుచున్నారు. కొందరు చండీగఢుదాక పోయి వచ్చిరి. మంచిదే. కాని వారిని కూర్చుండబెట్టి, "ఆ భవనములోనికి గాలి యేవైపునుండి వచ్చుచున్నది? మధ్యాహ్నపుటెండ యెక్కడ పడుచున్నది?" అని యడిగి చూడుడు. మారుపలుకు రాదు. సెల్‌ఫోనునందు నలువది ఛాయాచిత్రములు మాత్ర మున్నవి. అన్నిటను మనవారు ముందును, భవనము వెనుకను.

దీనిని మేము చూచుట యనము, దర్శన మందుము. గర్భగుడిలోని మూర్తిని "నీ వేల యిట్లున్నావు?" అని యెవరును ప్రశ్నింపరు. ఆధునిక భవనమో, ప్రశ్నింపబడుటకే పుట్టినది. "ఈ గోడ యెందుకు, ఈ కప్పు యెవరికొరకు?" అని తన్ను తానే యడిగికొని నిలిచిన కట్టడముకడకు పోయి నమస్కరించి వచ్చుట యెంత వింత!

చండీగఢునే తీసికొందము. 1947 దేశవిభజనమున లాహోరు పాకిస్తానునకు చేరగా, భారతదేశమున మిగిలిన పంజాబునకు రాజధాని లేకపోయెను. ఫ్రాన్సునుండి లె కార్బూజియే అను భవనశిల్పి 1951లో వచ్చి ఆ పనికి పూనుకొనెను. ఆయన కల్పించిన హైకోర్టు, సచివాలయము, శాసనసభ గల ప్రాంగణమును 2016లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించెను. యాత్రికులు శాసనసభ కప్పును చీల్చుకొని లేచిన పెద్ద గొట్టమును చూచి నోరు తెరతురు. గదులముందర లోతుగా నిలిపిన కాంక్రీటు పలకలను చూడరు. ఎండను వెలుపలనే ఆపి, వెలుతురును గాలిని మాత్రము లోనికి పంపుట వాని యుద్దేశము. అంతకంటె ముఖ్యమైనది మరియొకటి కలదు. మాక్స్‌వెల్ ఫ్రై, జేన్ డ్రూ, పియేర్ జానరే అనువారు అచ్చట ఉద్యోగుల యిండ్లను కల్పించిరి. అత్యల్ప వేతనముగల ప్యూనుల యింటికి సైతము రెండు గదులు, వంటగది, స్నానపుగది, మరుగుదొడ్డి నిర్ణయించిరి. ఆ యిండ్లను చూచి వచ్చిన యాత్రికుని మే మింతవరకు ఎరుగము.

అంత దూర మేల? మన గోలకొండ పేరుతోనే యొక ఆధునిక భవనము పుదుచ్చేరిలో కలదు. అది శ్రీ అరవిందాశ్రమమువారి వసతిగృహము. హైదరాబాదు సంస్థాన దివానైన సర్ అక్బర్ హైదరీ ద్వారా విరాళము లభించినందున, ఆ కృతజ్ఞతకు గుర్తుగా దానికి గోలకొండ అని పేరిడిరి. ఆంటొనిన్ రేమండ్, జార్జి నకషిమా అనువారు 1930ల చివర పని నడపిరి. భారతదేశమున కాంక్రీటుతో ఆధునిక రీతిని కట్టిన మొదటి భవనములలో అది యొకటి. పొడుగైన ముఖములు రెండును ఉత్తర దక్షిణములకు తిరిగియున్నవి. కిటికీలకు బదులు తిప్పుటకు వీలైన కాంక్రీటు పలకలు గోడపొడవునను గలవు. వానను ఆపవలెనన్న మూయుదురు, గాలి కావలెనన్న తెరతురు. కప్పుమీద మరల వంపుపెంకులు పరచి నడుమ గాలికి సందు విడిచిరి. ఎండ పైపెంకును కాల్చును. క్రింది గదిని కాల్చదు. హైదరాబాదునందే 1960లలో చార్లెస్ కొరియా కల్పించిన ఈ.సి.ఐ.ఎల్. కార్యాలయమును ఇట్లే కప్పుపై నీడపందిరి నిలిపి చల్లబరుప యత్నించెను.

ఇక మన ఊరికి రండు. ఇరువది సంవత్సరములనుండి ఇచ్చట లేచుచున్న యిండ్లను చూడుడు. నగరమునుండి మనవారు తెచ్చుకొన్నది ఒకే మాట: "ఎలివేషను". వీధిముఖమునకు అద్దపు పలకలు, రంగురంగుల రేకులు. అది పడమటిముఖమైనను సరే! వేసవిలో మధ్యాహ్నము రెండు గంటలకు ఆ గది పొయ్యి. పైన పలుచని కాంక్రీటు కప్పు పగలంతయు ఎండను మ్రింగి, రాత్రి యంతయు పండుకొన్నవారిపై క్రక్కుచుండును. పిదప ఏసీ యంత్రము, దాని వెనుక కరెంటు బిల్లు. వంటయింటిలో మాత్రము ఏసీ యుండదు. ఇంటి కంతకును తక్కువ వెడల్పుగల గదిలో, జానెడు కిటికీముందు, మన తల్లులును భార్యలును రోజునకు నాలుగైదు గంటలు నిలుచుచున్నారు. ఎలివేషనునకు వేలు పోసిన గృహస్థుడు వంటయింటికి రెండవ కిటికీ యడిగినచో "వాస్తు ఒప్పదు" అనును.

వాస్తువారితో మాకు తగవు ఇచ్చటనే. నైరుతి మూల బరువుగా, మూతగా నుండవలెనని వారి శాసనము. జూనునుండి సెప్టెంబరువరకు మనకు గాలి వచ్చునది ఆ నైరుతినుండియే గదా! ఉక్కతో ప్రాణము విసిగిన దినములలో వచ్చు ఒక్క గాలికిని గోడ కట్టి, కుబేరస్థాన మని ఉత్తరపు కిటికీ తెరచి కూర్చుండుట ఏ శాస్త్రము? "పడమటియెండను ఆపుటకే పెద్దలు అట్లు చెప్పిరి" అని కొంద రందురు. ఆ మాటలో కొంత నిజము కలదు, మేము కాదనము. కాని యెండ ఆపవలసినచోట గాలినిగూడ ఆపనేల? నీడనిచ్చు పలక యెండను ఆపును, గాలిని విడుచును. చండీగఢున మనవారు దేనిముందు నిలిచి ఛాయాచిత్రము తీయించుకొనిరో ఆ పలకయే.

ఈ వాస్తుభయము గృహస్థులతో ఆగలేదు. హైదరాబాదున పాత సచివాలయమును 2020లో కూల్చినప్పుడు భవనముల శిథిలతయు, అగ్నిభయమును కారణములని ప్రభుత్వమువారు చెప్పిరి. వాస్తువే కారణమని ప్రతిపక్షములవారు ఆరోపించిరి. ఎవరిమాట సత్యమో మేము తీర్పు చెప్పబోము. అట్టి యారోపణ విన్న సామాన్యుడు ఇసుమంతయు ఆశ్చర్యపడకపోవుటయే మాకు సిగ్గుగా నున్నది.

మరియొక పక్షమువారు కలరు. "ఈ కాంక్రీటు పెట్టె లేల? మన గూనపెంకుటిండ్లే చల్లనివి" అందురు. చల్లనివే. మందపు మట్టిగోడ, లోతైన పంచ, పెంకుల నడుమ గాలి: ఇవియన్నియు తెలివిగల పనులు. పుదుచ్చేరి భవనపు రెండవ కప్పునకును మన పెంకుటింటికిని చుట్టరికమే కలదు. రెంటికిని చుట్టరికము లేనిది నేటి మన డాబా. కాని ఆ పాతయింటి చీకటి వంటసాలను, అందలి పొగను, మరుగుదొడ్డి లేక స్త్రీలు తెల్లవారకముందే చెంబు పట్టుకొని పోవుటను మరచి పొగడువారితో మాకు పొత్తు లేదు.

ఆధునికులకును మేము దాసులము కాము. చండీగఢు ప్రాంగణమున భవనముల నడుమనున్న విశాలమైన కాంక్రీటు మైదానమున వేసవిలో నడచుట యొక శిక్ష. మ్యాపు గీచినవాడు మే నెలలో దానిని దాటిచూచెనా యని సందేహము కలుగును. ఇట్టి సందేహము మన యాత్రికులకు కలుగవలెనని మా కోరిక. పిల్లలను తీసికొనిపోవుడు. ఆర్ట్సు కళాశాల మెట్లమీద వారిని నిలువబెట్టి, 1939లో తెరచిన యీ రాతిభవనము లోపల యెంత చల్లగా నున్నదో, ఎందుకట్లున్నదో వారినే చెప్పుమనుడు. గోడపై చేయి పెట్టి చూడుమనుడు. మరుగుదొడ్డి యెక్కడ నున్నదో, ఆడపిల్లలకు వేరుగా నున్నదో లేదో వెదకుమనుడు. తిరిగి వచ్చిన రాత్రి, మన వంటయింటిలో దీపమార్పి, ఆ కిటికీనుండి ఎంత గాలి వచ్చునో వారిచేతనే పరీక్షింపజేయుడు. ఈ యేడు ఇల్లు కట్టదలచినవారు ముగ్గు పోయుటకుముందు ఇంటి ఇల్లాలిని మేస్త్రియెదుట కూర్చుండబెట్టి, వంటయింటి గీత ఆమెచేతనే గీయింపవలెను. ఎలివేషను మాట ఆ పిమ్మట.