తాళం ఏ గదికి?

"విజ్ఞానం అందరి సొత్తు" అని సభల్లో చప్పట్ల మధ్య చెప్పుకుంటాం. సభ ముగిసి కంప్యూటరు ముందు కూర్చుంటే సంగతి వేరు. కావలసిన పుస్తకం మీద నొక్కితే "అనుమతి లేదు" అంటుంది సర్వరు. ఆ నిరాకరణకు ఒక సంఖ్య కూడా ఉంది: 403. తలుపు మూయడమే తప్పని నేననను. ఏది మూయాలి, ఏది తెరవాలి అన్నదే విద్యార్థి లోకం అడగవలసిన ప్రశ్న.

సీమవాళ్లకు ఇది కొత్తగా చెప్పనక్కరలేదు. కె.సి. కాలువ తూముకు షట్టరు లేకుంటే నీళ్లన్నీ పైపొలాలకే పోతాయి, చివరి మడికి చుక్క రాదు. ఎప్పుడూ మూసే ఉంచితే అందరి పైరూ ఎండుతుంది. అయితే ఒక తేడా ఉంది. నీళ్లు వాడేకొద్దీ తరుగుతాయి. ఫైలు ఎంతమంది డౌన్‌లోడ్ చేసుకున్నా తరగదు. కాబట్టి ఫైలుకు తాళం వేసేవాడు కారణం చెప్పి తీరాలి.

కారణమున్నవి ఉన్నాయి. మన మార్కుల జాబితాలు, ఆధార్ నకళ్లు, కుల ధ్రువపత్రాలు, పరీక్షకు ముందటి ప్రశ్నపత్రాలు ఊరందరూ చూసేవి కావు. వీటికి వేసే తాళమేమో తరచుగా ఉత్తుత్తిదే! పేజీ పాస్‌వర్డు అడుగుతుంది. ఫైలు మాత్రం బయటి అరలోనే పడి ఉంటుంది. దాని చిరునామా తెలిసినవాడు నేరుగా పోయి తెచ్చుకుంటాడు. చిరునామా చివర హాల్‌టికెట్ నంబరుంటే, ఒక అంకె మార్చితే పక్కవాడి మార్కులు బయటపడతాయి. ముందు వాకిలికి తాళమేసి దొడ్డి వాకిలి తెరిచిపెట్టినట్టు!

సరైన పద్ధతి కష్టమేమీ కాదు. ఫైలును బయటినుంచి చేయి అందని గదిలో ఉంచాలి. నడుమ ఒక ప్రోగ్రాము "నువ్వెవరు? ఈ ఫైలు నీదేనా?" అని ప్రతిసారీ విచారించి, తానే తీసి ఇవ్వాలి. ఇచ్చిన లింకు కొద్ది నిమిషాలకే చెల్లకుండా పోవాలి. ఎవరికి ఇచ్చిందీ చిట్టాలో రాసుకోవాలి. 2023లో వ్యక్తిగత సమాచార రక్షణకు పార్లమెంటు చట్టమే చేసింది. ఇక ఇది ఎవరి దయాదాక్షిణ్యమూ కాదు.

మరి తెరవవలసినవి? ప్రజల సొమ్ముతో సాగిన పరిశోధన ప్రజలకు అందాలి. గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ నడిపే 'శోధ్‌గంగ'లో సిద్ధాంత గ్రంథాలు ఎవరైనా చదువుకోవచ్చు. రచయిత కాలం చేసిన 60 ఏళ్ల తరువాత కాపీరైటు తీరిపోతుంది. అలాంటి పుస్తకాన్ని స్కాన్ చేసి మళ్లీ తాళమేయడం ఏ న్యాయం? కడపలో బ్రౌన్ దొర సొంత డబ్బుతో పండితులను పోషించి, తాళపత్రాలకు ప్రతులు రాయించి, 1829లో వేమన పద్యాలు అచ్చువేయించాడు. ఆయన బంగళా ఉన్న చోటే ఈనాడు ఆయన పేర గ్రంథాలయముంది. బీరువాలోది పదిమందికీ చేరాలన్న ఆ తపనకు మనం వారసులం కావద్దా?

నడిమి కోవకు చెందినవి పత్రికలు. 2024 నవంబరులో కేంద్రం 'ఒకే దేశం – ఒకే చందా' పథకానికి మూడేళ్లకు 6,000 కోట్లు కేటాయించింది. ప్రభుత్వ విద్యాసంస్థల వారికి దాదాపు 13,000 పత్రికలు అందాలని లక్ష్యం. మంచిదే. కానీ క్యాంపస్ కంప్యూటర్లకు మాత్రమే తెరుచుకునే తలుపయితే, సెలవులకు కోవెలకుంట్లకో పులివెందులకో పోయిన విద్యార్థి ఏం కావల్ల? హక్కు మనిషిది; గేటు లోపలి తీగది కాదు. ఇంటినుంచి కూడా పనిచేసే లాగిన్ ప్రతి విద్యార్థికీ ఇవ్వాలి.

మిత్రులారా! ఎన్నికల వాగ్దానాల్లో క్యాంటీను, బస్సుపాసులతో పాటు దీన్నీ చేర్చుదాం. సొంత వివరాలకు గట్టి తాళం, ఉమ్మడి విజ్ఞానానికి తెరిచిన తలుపు, ప్రతి తాళానికీ రాతపూర్వకమైన కారణం. ఈ మూడూ అడగడానికి కంప్యూటరు పట్టా అక్కరలేదు. అడిగే నోరుంటే చాలు.