పెట్టె పక్కన పేరు రాస్తే సరిపోదు

ముందుగా ఒక చిన్న పరీక్ష. మీరు తయారుచేసిన ఏ వెబ్ ఫారమ్ అయినా తెరిచి, "పేరు" అన్న మాట మీద మౌస్‌తో నొక్కండి. పక్కనున్న పెట్టెలోకి కర్సర్ వచ్చిందా? వస్తే సంతోషం. రాకపోతే ఈ నాలుగు ముక్కలూ మీకోసమే.

నేనుండేది దోహాలోని ఉమ్ ఘువైలినాలో. ఇక్కడ రెండు భాషల ఫారాలు మామూలే. ఎడమపక్క ఇంగ్లీషు, కుడిపక్క అరబ్బీ, మధ్యలో పెట్టె. కాగితం మీద చక్కటి ఏర్పాటే. దాన్నే వెబ్ పేజీలో టేబుల్‌గా దించేస్తాం. నేనూ దించినవాణ్ణే. ఒకరోజు ఎన్‌వీడీఏ స్క్రీన్ రీడర్ పెట్టుకుని, మానిటర్ ఆపేసి, నేను రాసిన ఫారమ్‌నే ట్యాబ్ మీటతో నింపబోయాను. "ఎడిట్, బ్లాంక్" అంది. మళ్ళీ ట్యాబ్. "ఎడిట్, బ్లాంక్". పదకొండు పెట్టెలకూ అదే పాట. ఏది పాస్‌పోర్టు నంబరో, ఏది ఫోను నంబరో రాసినవాడికే తెలియలేదు.

కారణం చిన్నదే. మన కంటికి పక్కపక్కన కనిపించే మాటకీ పెట్టెకీ చుట్టరికం ఉందని బ్రౌజరుకు తెలియదు. మనమే చెప్పాలి. పద్ధతి కొత్తదేమీ కాదు, 1997 డిసెంబరులో వచ్చిన హెచ్‌టీఎమ్‌ఎల్ 4 లోనే ఉంది. పెట్టెకు ఒక ఐడీ ఇచ్చి, పేరును లేబుల్ ట్యాగులో పెట్టి, దాని ఫర్ యాట్రిబ్యూట్‌లో అదే ఐడీ రాయాలి. ఒకే పెట్టెకు రెండు లేబుళ్ళు కూడా ఉండొచ్చు. ఏది ఏ భాషో లాంగ్ యాట్రిబ్యూట్‌లో చెప్పాలి. రేడియో బటన్లయితే గుంపు మొత్తాన్నీ ఫీల్డ్‌సెట్‌లో పెట్టి, ప్రశ్నను లెజెండ్‌లో రాయాలి. లేదంటే "అవును", "కాదు" అని వినిపిస్తాయి గానీ, దేనికి అవునో తెలియదు.

మనం చేసే పొరపాట్లు ముఖ్యంగా రెండు. మొదటిది, లేబుల్ మానేసి ప్లేస్‌హోల్డర్‌తో సరిపెట్టడం. మొదటి అక్షరం కొట్టగానే అది మాయం. సగం నింపి, ఫోను మాట్లాడి వచ్చినవాడికి ఏ పెట్టె దేనిదో గుర్తుండదు. రెండోది కాపీ-పేస్ట్. ఇంగ్లీషు ఫారమ్‌ను కాపీ చేసి అదే పేజీలో అరబ్బీదో, తెలుగుదో చేస్తాం, ఐడీలు మార్చం. అప్పుడు తెలుగు పేరు మీద నొక్కితే కర్సర్ ఇంగ్లీషు పెట్టెలోకి పోతుంది.

"మా యూజర్లలో చూపులేనివాళ్ళు ఎవరున్నారండీ?" అని మేనేజర్లు అడుగుతుంటారు. ఫారమ్ నింపలేక వెనక్కి వెళ్ళిపోయినవాళ్ళు లాగ్‌లో యూజర్లుగా కనబడరు మరి. పైగా లేబుల్ వాళ్ళ ఒక్కరికే కాదు. ఫోనులో గోరంత చెక్‌బాక్స్ మీద వేలు పెట్టలేక అవస్థపడే మన నాన్నగారికి, పక్కనున్న మాట మీద నొక్కినా టిక్ పడుతుంది.

చట్టం సంగతీ చెప్పుకోవాలి. వికలాంగుల హక్కుల ఐక్యరాజ్యసమితి ఒప్పందాన్ని ఖతార్ 2008లో ఆమోదించింది; 2010లో ఇక్కడ మదా కేంద్రం ఏర్పడింది. మన సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్ 30న, ఈ-కేవైసీ ఇబ్బందుల కేసులో, డిజిటల్ సేవలు అందుకోవడం జీవించే హక్కులో భాగమని తేల్చింది. అయితే కోర్టు చెబితే తప్ప చెయ్యలేనంత పెద్ద పని కాదిది.

నా పదకొండు పెట్టెలకూ లేబుళ్ళు తగిలించడానికి అరగంట పట్టింది. ఆ ఫారమ్ అప్పటికే రెండేళ్ళుగా వాడకంలో ఉంది.